కారణం అనే గడి

మొదట రొయ్యలు పోయాయి.
గోరంత కూడా లేని ఎర్ర రొయ్యలు, పన్నెండు.
మర్నాడు నియాన్ చేప ఒకటి,
ఇసుక మీద పక్కకి ఒరిగి,
ఒంటి మీది నీలిగీత ఇంకా ఆరిపోకుండానే.

దాని పేరు పులిహోర. లహరి పెట్టింది.
రూళ్ళ నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీసింది:
పేరు, తేదీ, ఎక్కడ దొరికింది, కారణం.
మూడు నింపి
నాలుగోదానికి నా మొహంలోకి చూసింది.

నాకు తెలియాలి మరి.
టౌన్స్‌విల్ ఆసుపత్రిలో డయాలిసిస్ గదికి
పొద్దున ఐదింటికి తాళం తీసేది నేనే.
మొదటి రోగి కుర్చీలో కూర్చోకముందే
నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, రంగు చూసి
సంతకం పెడతాను.
నా సంతకం లేని నీళ్ళు
ఎవరి నెత్తురు దాపుకీ పోవు.

ఆ చేత్తోనే ఇంట్లోనూ పరీక్ష చేశాను.
క్లోరిన్ లేదు. అమ్మోనియా లేదు. నైట్రైట్ లేదు.
చేపల కొట్టు డారెల్‌కి సీసాలో పట్టుకెళ్ళి చూపించాను.
గడ్డం గోక్కుని
రాగేమో, పాత గొట్టాలేమో అన్నాడు.
రాగైతే ముందు నత్తలు చావాలి.
మా నత్తలు అద్దం మీద
మగపెళ్ళివారిలా తీరిగ్గా నడుస్తున్నాయి.

నీళ్ళు ఏ పాపం ఎరగవు.
అయినా పోతూనే ఉన్నాయి:
జీడిపప్పు, చిన్న జీడిపప్పు, మిస్టర్ కెవిన్.
అన్నీ రాత్రిపూటే.
పొద్దున లైటు వేస్తే తేలుతూ.

రాత్రిళ్ళు మొక్కలు కూడా ఊపిరి తాగుతాయి కదా,
గాలి చాలడం లేదేమోనని
పెద్ద పంపు కొనుక్కొచ్చాను.
ఎసరు తెర్లినట్టు బుడగలు.
హమ్మయ్య అనుకుని పడుకున్నాను.

తెల్లారేసరికి ఐదు.
పెరట్లో దేవగన్నేరు కింద
అన్నిటికీ ఒకటే గొయ్యి.

ఆ సాయంత్రం మళ్ళీ వాన.
వానతో దోమలు,
దోమలతో రాస్ రివర్ జ్వరం జాగ్రత్తని
స్కూలు నుంచి చీటీ.
అలవాటుగా వంగి స్విచ్చి మీద వేలు పెట్టాను.
ఒకటే పవర్ బోర్డు. పక్కపక్క ప్లగ్గులు.
ఒకదాంట్లో గాలి పంపు.
రెండోదాంట్లో మందు సీసా,
దాని చిన్న ఎర్ర దీపం, తియ్యటి వాసన.

వేలు అక్కడే ఉండిపోయింది.

పంపుకీ ఒక ముక్కు ఉంటుందని
నాకు తట్టలేదు.
అది గదిలో గాలినే పీలుస్తుంది,
గదిలో ఏది ఉంటే అది
బుడగ బుడగగా నీళ్ళకి తాగిస్తుంది.
దోమకి సరిపోయేది రొయ్యకి మరీ ఎక్కువ,
చేపకి చాలు,
నత్తకి ఖాతరు లేదు.
చాలదని పెద్ద పంపు తెచ్చింది నేనే.

ఆసుపత్రిలో నెత్తురు గొట్టంలో
ఒక్క గాలిబుడగ కనపడితే
యంత్రం వార్డంతా వినపడేలా అరుస్తుంది.
పదకొండేళ్ళుగా ఆ అరుపుకి పరిగెత్తినదాన్ని
ఇంట్లో బుడగల చప్పుడుని జోలపాట అనుకున్నాను.

సీసా పీకేశాను. సగం నీళ్ళు తోడేశాను.
కొత్త బొగ్గు వేశాను. కిటికీలన్నీ తెరిచాను.
దోమలు రానీ.
రాత్రి దోమతెరలో ఇద్దరం, ఆమె మోకాలు నా కడుపులో.
మిగిలింది రాయి కింద లోచ్ ఒక్కటే.
పేరు పెట్టేలోపే దాక్కున్న చేప.

పొద్దున లహరి పెన్సిల్ చెక్కుకుని వచ్చింది.
"నాలుగో గడిలో ఏం రాయను?"
దోమల మందు, అన్నాను.
గుండ్రంగా రాసింది, పై నుంచి కింద దాకా.
కాసేపు చూసుకుని
"మందంటే నువ్వు ఆసుపత్రిలో ఇచ్చేది కదా" అంది.
అదీ మందే, ఇదీ మందే.
ఎలుకల మందు, పురుగుల మందు...
చెప్తూ చెప్తూ ఆగిపోయాను.

తను రబ్బరు తీసి
ప్రతి గడిలోనూ రెండో మాట చెరిపింది.
ఇప్పుడు వరసగా అన్నిట్లో
దోమల
అని మాత్రం ఉంది,
పక్కన రబ్బరు పొడి.